గుల్ల గోడ

అది కాదు తల్లీ, ‘నేను’ అని రాయకు, కొట్టెయ్. ‘మేస్త్రీ’ అని రాయి. నేను అని మొదలుపెడితే నా చెయ్యి ఊరుకోదు, ఎక్కడ పగులు కనిపిస్తే అక్కడ సున్నం మెత్తేస్తుంది. మేస్త్రీ అంటే ఎవరో వేరేవాడు. వాడి మీద నాకు జాలీ లేదు, మొహమాటమూ లేదు. నీ సంగతి వచ్చినచోట ‘మనవరాలు’ అని రాసుకో. మొహం అలా పెట్టకు. నేను నెమ్మదిగా చెప్తాను, నువ్వు నెమ్మదిగా రాయి. మనల్ని ఇప్పుడు తరుముకొచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

మేస్త్రీకి ఆ ఆఫీసులో మొట్టమొదట నచ్చనిది గోడ. కుర్చీలో కూర్చోగానే వేలి కణుపుతో ఒక్కసారి తట్టి చూశాడు. నలభై ఎనిమిదేళ్ళు ఇటుక మీద ఇటుక పెట్టినవాడు గోడ పక్కన కూర్చుంటే తట్టకుండా ఉండలేడు, కుక్క స్తంభాన్ని వదిలిపెట్టలేనట్టే. డబ్ మంది. గుల్ల. ఇటుక లేదు, సిమెంటు లేదు, రేకు చువ్వలకి అటొక అట్టా ఇటొక అట్టా బిగించి పైన తెల్లరంగు కొట్టారు, దాన్ని గోడ అంటున్నారు. తుమ్మితే పడిపోయే ఈ గోడ చాటున కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కమంటారు. గోడకు చెవులుంటాయని మనవాళ్ళు ఊరికే అనలేదు, వీళ్ళ గోడకి చెవులతో పాటు నోరు కూడా ఉన్నట్టుంది, అవతలి గది మాటలు ఇవతలికి గొణుగుడుగా వస్తూనే ఉన్నాయి. అవతలి గదిలో మనసు డాక్టరమ్మ ఉంది. ఆమె పక్కన దుబాసీ పిల్ల ఉంది, వాళ్ళ మాట మనకీ మన మాట వాళ్ళకీ మార్చి చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. వాళ్ళకి ఎదురుగా కోడలు, కోడలి పక్కన మనవరాలు, తొమ్మిదేళ్ళది, మూడేళ్ళుగా నోరు విప్పి ఒక్క మాట మాట్లాడనిది. పదకొండింటికి లోపలికి వెళ్ళారు, పన్నెండింటికి బయటికి వస్తారు. ఈ గంటలో మేస్త్రీ చెయ్యాల్సిన పని ఒక్కటే, ఒడిలో ఉన్న కాగితం మీద బొటనవేలు వెయ్యడం. వేస్తే మనవరాలు ప్రతి మంగళవారం ఇక్కడికి వస్తుంది. పన్నెండులోపు వెయ్యకపోతే ఆ చోటు వరసలో ఉన్న ఇంకో బిడ్డకి పోతుంది, మళ్ళీ ఎప్పుడు ఖాళీ వస్తుందో చెప్పలేం అన్నారు. కొడుకు ముందే వేరే కాగితాల మీద ఈ దేశం చేరాడు కాబట్టి వెనక వచ్చినవాళ్ళ కాగితాల్లో ఇంటిపెద్ద మేస్త్రీనే, వేలు ఆయనదే కావాలి. గాజుగదిలో కూర్చునే అమ్మాయి సిరా డబ్బా కూడా తెచ్చి పక్కన పెట్టింది, నవ్వుతూ. ఆ నవ్వంటే మేస్త్రీకి అసహ్యం. ఇక్కడ అందరూ నవ్వుతారు. తలుపు తీసేవాడు నవ్వుతాడు, బస్సు నడిపేవాడు నవ్వుతాడు, లేదు పొమ్మనేవాడు అందరికంటే ఎక్కువ నవ్వుతాడు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు. పొద్దున బస్సు ఆగేచోటే గొడవైంది. వెయ్యనన్నాడు మేస్త్రీ. పిచ్చాసుపత్రి ముద్ర పడిన పిల్లని రేపు ఏ బడిలో కూర్చోనిస్తారు, మీ ఇంట్లో తలకాయలు సరిగ్గా లేవు వెనక్కి పొమ్మంటే ఏ వెనక్కి పోతాం, మనకి వెనక అనేది ఒకటి మిగిలిందా అని అడిగాడు. కోడలు ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి కాదు. బస్సు వచ్చేదాకా ఊరుకుని, ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

“మామయ్యా, మీరు లోపలికి రాకపోతే మానెయ్యండి. దాన్ని మాత్రం ఆపకండి. దానికి మీరంటే భయం.”

భయమట. బస్సులో అంతసేపూ మేస్త్రీ ఆ మాటనే నములుతూ కూర్చున్నాడు, పిప్పి అయింది గానీ మింగుడుపడలేదు. ఆ పిల్లని వీపున కట్టుకుని రెండు సరిహద్దులు దాటించింది ఎవరు, తన వాటా నీళ్ళు దాని నోట్లో పోసి తను పెదాలు నాక్కున్నది ఎవరు, చెయ్యెత్తి ఒక్క దెబ్బ కొట్టాడా, గట్టిగా ఒక్కసారి కసిరాడా. భయమట. కోడలికి ఇక్కడి గాలి సోకింది. ఇక్కడ ప్రతిదానికీ ఒక పేరు పెడతారు, పేరు పెట్టాక ఒక ఫైలు పెడతారు, ఫైలు పెట్టాక ఒక నవ్వే మనిషిని పెడతారు. ఆ పిల్లకి మాట రాక కాదు, మానేసింది. మానేసినా జవాబు చెప్తూనే ఉంది కదా. ఏమడిగినా చూపుడువేలితో బల్ల మీద ఒకసారి తడుతుంది. తిన్నావా, ఒకటి. పడుకున్నావా, ఒకటి. బడిలో టీచరు అది ‘అవును’ అనుకుంటోంది. అది అవును కాదు. ఒకటంటే ‘బాగున్నాను’. రెండు తట్టడం కూడా ఉంది, రెండంటే ‘నావల్ల కావట్లేదు’. అది ఇంటివాళ్ళకి మాత్రమే తెలుసు, ఆ పిల్ల ఈ మూడేళ్ళలో రెండు ఒక్కనాడూ తట్టలేదు. జ్వరంతో ఒళ్ళు పెనంలా కాలిన రోజున ఒకటే. ఆమధ్య బడిలో తలుపు సందున వేళ్ళు పడి నలిగి, గోరు ఊడి, నేల మీద చుక్కలు చుక్కలుగా రక్తం కారుతుంటే, నర్సు కంగారుగా ఏదో అడిగితే, బాగున్న చేతిని చాపి బల్ల మీద ఒకటి తట్టిందట. ఏడవలేదట. దాంతో బడివాళ్ళు బెదిరిపోయి ఇక్కడికి రాసి పంపారు. రక్తం చూసి బెదరలేదు, ఏడవనందుకు బెదిరారు. ఏడిస్తే మాత్రం వీళ్ళేం చేస్తారు, నవ్వుతారు.

గడియారంలో ముల్లు పావుగంట జరిగింది. ఆ గడియారానికి చప్పుడు కూడా లేదు, దొంగలా నడుస్తుంది. పది రోజుల కిందట మొదటిసారి వచ్చినప్పుడు మేస్త్రీని కూడా లోపల కూర్చోబెట్టారు. దుబాసీ పిల్లకి మన మాటలు వాళ్ళమ్మ వంటింట్లో నేర్పినవి, వంటింటి దాకా చక్కగా నడుస్తాయి, గడప దాటితే కుంటుతాయి. డాక్టరమ్మ పొడుగ్గా ఏదో అడిగింది. దుబాసీ పిల్ల కాసేపు పైకప్పు వంక చూసి, “తాతగారూ, మీ గుండెలో బరువు ఎంత ఉంది?” అంది. “మొత్తం మనిషి యాభై రెండు కేజీలమ్మా,” అన్నాడు మేస్త్రీ, “గుండె ఒక్కదాన్నీ విడిగా ఎప్పుడూ తూయించలేదు.” కోడలు పకాలున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడేళ్ళ తర్వాత ఆ మనిషి నవ్వడం అదే, ఇంట్లో నవ్వకుండా తీసుకొచ్చి ఈ అట్టపెట్టెలో నవ్వినందుకు మేస్త్రీకి ఒళ్ళు మండింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు, యాభై రెండు అని రాసుకుంది కాబోలు. తర్వాత అయిదు మొహాలున్న అట్ట చూపించారు. మొదటి మొహం నవ్వుతోంది, చివరిది ఏడుస్తోంది, మధ్యవి ఎటూ తేల్చుకోలేక చస్తున్నాయి. ఈ రెండు వారాల్లో మీ మొహం ఏది అని ప్రశ్న. మేస్త్రీ వాటిని పరకాయించి చూశాడు, ఒక్కదానికీ చెవుల్లేవు. చెవుల్లేనివాళ్ళకా మనం చెప్పుకోవాల్సింది అనుకుని మొదటిదాని మీద వేలు పెట్టాడు. అన్ని ప్రశ్నలకీ మొదటిదే. నిద్రకి మొదటిదే, ఆకలికి మొదటిదే, చనిపోయినవాళ్ళు గుర్తొస్తారా అన్నదానికి కూడా నవ్వే మొహమే. డాక్టరమ్మ దుబాసీ పిల్ల వంక చూసింది, దుబాసీ పిల్ల మేస్త్రీ వంక చూసింది, మేస్త్రీ కిటికీ వంక చూశాడు. మనవరాలు మాత్రం తాత వేలు వంకే చూసింది, అది అట్ట మీద ఎక్కడ ఆగిందో ఆ చోటు వంక, కళ్ళార్పకుండా.

చెప్పకపోవడం అంటే వీళ్ళకి రోగం. అది ఎంత కష్టపడి నేర్చుకున్న విద్యో వీళ్ళకేం తెలుసు. ఒడ్డున కూర్చున్నవాడు ఈతగాడి గుడ్డలు తడిశాయేమిటని అడుగుతాడు. రెండో సరిహద్దు దగ్గర వరసలో ముందున్నాయన దగ్గాడు. దగ్గు, అంతే. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. పాపం నిజం చెప్పాడు, నెల నుంచి అన్నాడు. ఆయన్ని పక్కకి నిలబెట్టారు, ఆయన పెళ్ళాం పిల్లలు ముందుకి కదిలారు, ఆయన కదల్లేదు, ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నాడేమో. ఆ పూటే మేస్త్రీ తన వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాడు, ఎవరేమడిగినా ఏం లేదు అనండి, నొప్పి ఏం లేదు, భయం ఏం లేదు, ఎవర్నీ చూడలేదు, ఏమీ వినలేదు. కడుపు చించుకుంటే మన కాళ్ళ మీదే పడుతుంది. కోడలు నేర్చుకుంది. మనవరాలికి నేర్పాల్సిన పనే లేకపోయింది, అప్పటికే అది గురువుని మించిపోయింది. అలా ఏం లేదు ఏం లేదు అంటూ నాలుగు శిబిరాలు దాటి, కొడుకు ఉన్న దేశానికి చేరితే, ఇక్కడ తలుపు దగ్గర కాపు కాసి, అయ్యో మీకు ఏదో ఉండే ఉంటుంది చెప్పండి చెప్పండి అంటున్నారు. అప్పుడు ఉంటే తప్పు, ఇప్పుడు లేకపోతే తప్పు.

పక్క గది తలుపు తెరుచుకుని పొడుగు చేతుల చొక్కావాడు బయటికి వచ్చాడు. మన భాషవాడే, ఎవరో దానమిచ్చిన చొక్కా, చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటాయి, వాటితోనే కళ్ళు తుడుచుకుంటాడు. పెద్దవాళ్ళని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించే గుంపులోకి వారం వారం వస్తాడు. మగవాడై ఉండి మంది ముందు ఏడ్చి, దానికి మళ్ళీ బస్సెక్కి వచ్చేవాణ్ణి చూస్తే మేస్త్రీకి చెయ్యి దురదపెడుతుంది. వాడు వచ్చి పక్క కుర్చీలోనే కూలబడ్డాడు.

“పెద్దాయనా, భయపడకండి. లోపల ఏమీ చెయ్యరు. కూర్చోమంటారు, అంతే.”

“కూర్చోడానికి మా ఇంట్లో కుర్చీ ఉంది.”

“నేనూ అదే అన్నాను మొదటి వారం. ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చోగలుగుతున్నావు అని అడిగారు.”

మేస్త్రీ కాగితాన్ని మళ్ళీ మడిచాడు. వాడు చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆ మడతలు వెంటనే జారిపోతుంటే పట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఎంతసేపు కూర్చోగలుగుతున్నాడట. ఇంట్లో మేస్త్రీ కుర్చీ తలుపుకి ఎదురుగా ఉంటుంది, గోడకి ఆనించి. గోడకి వీపు ఆనితే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు. ఆ సంగతి ఎవరు చెప్పారు వీళ్ళకి. ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆ ఇంట్లో తెలిసినవాళ్ళు ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరికీ నోరు లేదు, ఆ నోటిని తెరిపించడానికే ఈ కాగితం, ఈ సిరా డబ్బా, ఈ మంగళవారాలు. ముద్ర పడుతుందని కాదు మేస్త్రీ భయం. పంపేస్తారనీ కాదు. అవి కోడలికి చెప్పే కారణాలు, పైపూత. అసలు భయం ఇటుకలో ఉంది. నోరు విప్పితే ఆ పిల్ల మొదట చెప్పేది ఏమిటో ఆయనకి తెలుసు.

మూలన నీళ్ళ డబ్బాలో బుడగ లేచి గుబుక్కుమంది. అప్పట్లో రెండు గోడల నడిమి సందులో, చీకట్లో ముసలమ్మ సీసా ఎత్తి ఒక గుక్క మింగితే సరిగ్గా ఆ చప్పుడే వచ్చేది, మెల్లగా తాగవే అని చెప్పడానికి కూడా నోరు తెరవకూడని చోటు అది. ఆ సందు కట్టింది మేస్త్రీనే. తుపాకులవాళ్ళు వీధి తరవాత వీధి వెతుక్కుంటూ వస్తున్నారని తెలిసిన వారంలో, వెనక కొట్టుగది గోడకి రెండడుగులు ఇవతల ఇంకో గోడ లేపాడు. పాత ఇటుకలతో లేపాడు, కొత్త ఇటుకైతే వాసనే పట్టిచ్చేస్తుంది. పూత పూసి, ఆరకముందే మసినీళ్ళు చల్లి, తుప్పు మేకులు రెండు దిగ్గొట్టి వాటికి చినిగిన సంచీ తగిలించాడు. నేలకి ఆనించి డజను ఇటుకలు సున్నం లేకుండా పేర్చాడు, వాటిని తీసి లోపలికి పాక్కుంటూ దూరి మళ్ళీ లోపల్నుంచే పేర్చుకోవాలి, పేర్చాక బయట ఉన్న బొగ్గు బస్తాని తాడుతో లాగి అడ్డం పెట్టుకోవాలి. ఇల్లు పుట్టినప్పటి నుంచీ ఆ గోడ అక్కడే ఉన్నట్టుంది. ముసలమ్మ, అంటే మేస్త్రీ పెళ్ళాం, పెళ్ళైన ఏడాది నుంచీ ఆయన కట్టిన ప్రతి గోడకీ సున్నం తట్టలు మోసినదే, దాని మీద చెయ్యి వేసి అటూ ఇటూ నిమిరి చూసింది. “ఇన్నేళ్ళకి ఒక్క గోడ తిన్నగా కట్టావు మేస్త్రీ. దీన్ని ఎవరికీ చూపించుకోలేవు చూడు, అదీ నీ రాత,” అంది. ఇంట్లో కూడా మేస్త్రీ అనే పిలిచేది ఆవిడ. మిగిలిన ప్రపంచం పనికోసం అలా పిలిచేది, ఆవిడ ఎక్కిరించడానికి పిలిచేది, ఆ పిలుపు కోసమే ఆయన పని ముగించుకుని తొందరగా ఇల్లు చేరేవాడు.

లోపల నలుగురూ మోకాళ్ళు ముడుచుకుని ఒకే వరసలో కూర్చోవాలి. ఇటుకల దగ్గర, మధ్యలో మేస్త్రీ. ఎడమ పక్క కోడలు. కుడి పక్క మనవరాలు, అప్పటికి ఆరేళ్ళది. దానికి అవతల, పైన గాలి కోసం వదిలిన సందు కింద ముసలమ్మ, ఆయాసం మనిషి కాబట్టి ఆ చోటు ఆవిడకి. మాట్లాడకూడదు కదా, పిల్ల భయపడుతుందని ముసలమ్మే ఒక ఆట కనిపెట్టింది. మేస్త్రీ పక్కవాళ్ళ అరచేతిలో ఒకటి తడతాడు, ఎలా ఉన్నారని. అది చివరిదాకా చేతులు మారుతూ పోతుంది. చివరి మనిషి జవాబు తడుతుంది, ఒకటైతే బాగున్నాను, రెండైతే నావల్ల కావట్లేదు, అది మళ్ళీ చేతులు మారుతూ వెనక్కి వస్తుంది. రెండంటే ఇటుకలు తియ్యమని అడగడం. పిల్లకి ఆ ఆట ఎంత నచ్చిందంటే ముసలమ్మ జవాబుని ఎంతో జాగ్రత్తగా, నిండిన గిన్నె మోసుకొచ్చినట్టు తెచ్చి తాత చేతిలో పెట్టేది. వాళ్ళు వచ్చారు, ఇల్లంతా తిరిగారు, బొగ్గు బస్తాని ఒకడు కాలితో తన్ని చూశాడు. పోలేదు. ఇంట్లోనే మకాం పెట్టారు. ఒక రోజు, రెండు రోజులు, మూడు.

నాలుగో రోజు మధ్యాహ్నం. మధ్యాహ్నమని ఎలా తెలుసంటే పై సందులోంచి వెలుగు గీత సరిగ్గా పిల్ల జుట్టు మీద పడింది. మేస్త్రీ కుడి చెయ్యి చాపి ఒకటి తట్టాడు. అటు వెళ్ళింది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది రెండు.

పెన్ను ఆపకు. రాయి.

రెండు వచ్చింది. అయిదడుగుల దూరంలో, గోడకి అవతల, ఒకడు ఏదో తింటూ నవ్వుతున్నాడు, ఇంకొకడి ఫోనులో పాట మోగుతోంది. పన్నెండు ఇటుకలు తియ్యాలి, బస్తా జరపాలి, దగ్గే మనిషిని పాకించి బయటికి తీసుకెళ్ళాలి. ఎక్కడికి. మేస్త్రీ లెక్క కట్టాడు, ఆయన జీవితంలో కట్టినవాటిలో అదే సరైన లెక్క, ఇవాళ్టికి కూడా అందులో తప్పు దొరకదు, వెతికి వెతికి చూశాడు. ఒకరా, ముగ్గురా. ఆయన పిల్ల అరచేతిలో ఒకటి తట్టాడు. అది అడగడం కాదు, బాగున్నానని చెప్పమనడం. ఆరేళ్ళ పిల్లకి కూడా అర్థమైంది అడగడం కాదని. దాని చెయ్యి కదల్లేదు, బిగుసుకుపోయింది, వెలుగు గీత కింద జుట్టు అటూ ఇటూ ఊగింది, వద్దు తాతా అని. ఆయన దాని చెయ్యి పట్టుకుని, దాని వేలితోనే, దాని అరచేతిలోనే, గట్టిగా, మళ్ళీ ఒకటి తట్టాడు. ఇది ఇవ్వు అని. అప్పుడది తిరిగి, నాన్నమ్మ చేతిలో ఒకటి పెట్టింది. నాన్నమ్మ దాన్ని తీసుకుంది. నలభై ఏళ్ళు మేస్త్రీ చెప్పిన కొలత ప్రకారం సున్నం కలిపిన మనిషి కదా, కొలత తెలిసింది. కాసేపటికి జవాబు వచ్చింది, ఒకటి. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. ఎడమ పక్కన కోడలు నిద్రపోతోంది, ఆమెకి ఏమీ తెలియదు. ఆరో రోజున వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పటిదాకా పిల్ల నాన్నమ్మ చెయ్యి వదల్లేదు. ఇటుకలు తీసి బయటికి లాగాక కూడా వదల్లేదు. అప్పటి నుంచీ మాట లేదు.

కొడుకు దూరపు ఊళ్ళో పెద్ద కోల్డు స్టోరేజీలో పెట్టెలు మోస్తాడు, నెలకోసారి వస్తాడు, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. ముందు బడి సంగతి, ఇంటి సంగతి అడిగి చివర్న గొంతు తగ్గిస్తాడు. నాన్నా, అమ్మ చివర్లో ఏమైనా అందా, అంటాడు. ప్రతి ఆదివారం. మేస్త్రీ జవాబు కూడా ప్రతి ఆదివారం ఒకటే, ఏం లేదురా, బాగానే ఉంది, చివరికి కూడా ఒకటే తట్టింది. అబద్ధమా అది? చివరికి తట్టింది ఒకటే కదా. మేస్త్రీ పూసిన పూతల్లోకెల్లా నున్నటిది, చెయ్యి వేసి నిమిరినా దొరకదు. పక్క గదిలోంచి పిల్ల వింటుంటుంది. ప్రతి ఆదివారం వింటుంది. ఆ జవాబు మోసుకొచ్చింది తను కదా, దాని ముందు ఏం మోసుకొచ్చిందో కూడా తనకే తెలుసు.

పన్నెండుకి పది నిమిషాలు. గాజుగది అమ్మాయి తలెత్తి సిరా డబ్బా వంక చూసి నవ్వింది. వెయ్యను, నవ్వు ఎంత నవ్వుతావో. లోపలి గొణుగుడు ఆగిపోయింది. డాక్టరమ్మ ప్రశ్నలు అయిపోయినట్టున్నాయి, లేకపోతే పిల్ల వంకే చూస్తూ కూర్చుని ఉంటారు, చూడండి, మీకు దొరికేది ఒకటే, ఎంతసేపు చూసినా ఒకటే. ఆ కసిలో, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, మేస్త్రీ వేలి కణుపు మళ్ళీ గోడ మీదకి పోయింది. ఛీ, గుల్ల గోడ. ఒకటి తట్టాడు.

అవతల్నుంచి రెండు వచ్చాయి.

చిన్న చప్పుడు, చిన్న వేలు. అట్ట గోడకి మారుమోత ఉండదు, ఉన్నా ఒకటికి రెండు కాదు. మేస్త్రీ కుర్చీలో కదలకుండా ఉండిపోయాడు. పొరపాటుగా తగిలిందేమో. బొమ్మ ఏదైనా పడిందేమో. ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాడు. తను గోడని పరీక్షించాడు, అంతే, ఎవర్నీ ఏమీ అడగలేదు. కానీ గోడకి అవతల ఉన్నవాళ్ళకి అది ఎలా తెలుస్తుంది. మూడేళ్ళుగా ఎవరూ ఆ పిల్లని గోడ లోపల్నుంచి అడగలేదు. అందరూ బయట నిలబడి అడిగారు. నీళ్ళ డబ్బాలో బుడగ లేచింది. మేస్త్రీ చెయ్యి ఎత్తాడు, ఆ చెయ్యి ఎటు పోతుందో చూస్తూనే ఉన్నాడు, మళ్ళీ ఒకటే తట్టింది అది, అప్పటిలాగే, గట్టిగా. ఇది ఇవ్వు అని.

కాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు. మొదటిసారి కంటే గట్టిగా. ఒకటి, దాని వెనకే ఇంకోటి, తలుపు కొట్టినట్టు.

ఇవ్వనంది. ఆరేళ్ళప్పుడు దాని చెయ్యి బలవంతంగా పట్టుకున్నాడు, ఇప్పుడు మధ్యన గోడ ఉంది, ఆయన చెయ్యి అందదు. భయమన్నది కోడలు, నిజమే అంది, దెబ్బకి కాదు భయం, ఆ ఒకటికి. ఇదే ఇటుక గోడ అయ్యుంటే, మేస్త్రీ కట్టిన గోడ అయ్యుంటే, ఆ చప్పుడు ఇవతలికి వచ్చేదే కాదు. తుమ్మితే పడిపోయే గోడ, చెయ్యి పెడితే ఊగే గోడ, సిగ్గూ శరం లేని అట్ట గోడ, అందులోంచి వచ్చింది. మేస్త్రీ నుదురు దానికి ఆనించాడు. చల్లగా ఉంది, రంగు వాసన వేస్తోంది. తట్టడానికి వేలు రాలేదు, అరచేత్తో కొట్టాడు. ఒకటి. చెయ్యి వెనక్కి తీసి మళ్ళీ ఎత్తాడు. రెండు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. దుబాసీ పిల్ల తలుపు తీసి తొంగి చూసి, తాతగారూ ఏమైంది అంది. మేస్త్రీకి ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది, ఏమైంది ఏమైంది అని, వీళ్ళకి అన్నీ చెప్పాలి. సిరా డబ్బాలో బొటనవేలు ముంచి, మడతలు పడిన కాగితం ఒడిలో పరిచి, అడుగున గీసిన గడిలో ఒక ముద్ర వేశాడు. మళ్ళీ ముంచి దాని పక్కనే ఇంకోటి వేశాడు. గాజుగది అమ్మాయి పరుగున వచ్చి వేలు చూపించి, ఒకటి చాలు అన్నట్టు సైగ చేసింది, ఈసారి నవ్వలేదు.

“రెండు,” అన్నాడు మేస్త్రీ.

ఆగు. వేళ్ళు నొప్పెడుతున్నాయా. ఇంకొంచెమే. ఆ తర్వాత మంగళవారాలు ఎన్ని గడిచాయో, నీ మొదటి మాట ఏమిటో, అది నాకెంత చేదుగా తగిలిందో నీకు తెలుసు, అవి రాయక్కర్లేదు. ఇప్పుడు నీకు గొంతుంది. చిన్నదే, గరగరగా ఉంటుంది, అయినా నీదే. ఆదివారం మీ నాన్న ఫోన్ చేస్తాడు. బడి సంగతి అడుగుతాడు, ఇంటి సంగతి అడుగుతాడు, చివర్న గొంతు తగ్గించి ఆ మాట అడుగుతాడు. అప్పుడు ఫోన్ నీ చేతికిస్తాను. ఈ కాగితాలు మొదటి నుంచీ వాడికి చదివి వినిపించు, ఒక్క ముక్క వదలకు. మేస్త్రీ అని ఉన్నచోట వాడు ఎవరని అడిగితే మీ తాతే అని చెప్పు. నేను నీ పక్కనే కూర్చుంటాను, ఎక్కడికీ లేచిపోను. మధ్యలో గొంతు ఆగిపోతే నా చేతిలో తట్టు. ఎన్నిసార్లు తట్టాలో ఈసారి నేను చెప్పను.